దారి లేకపోవడమే రక్షణ అనుకుంటే ఎలా?

2006 ఫిబ్రవరిలో ప్రపంచ పత్రికలన్నీ ఇండోనేషియాలోని పపువా ప్రాంతంలో 'మనిషి చూడని స్వర్గం' దొరికిందని రాశాయి. అంతకు కొన్ని వారాల ముందు పక్షి శాస్త్రవేత్త బ్రూస్ బీలర్ బృందం హెలికాప్టర్‌లో ఫోజా పర్వతాల మీద దిగి, అంతవరకూ శాస్త్రానికి తెలియని, హనీఈటర్ అనే కుటుంబానికి చెందిన ఒక పక్షిని చూసింది. పపువా ఉన్న న్యూగినీ ద్వీపంలో కొత్త పక్షి బయటపడటం 1939 తర్వాత అదే మొదటిసారి. 2007లో దానికి 'మెలిపోటెస్ కరోలే' అని పేరు పెట్టారు.

ఒళ్లంతా మసి రంగు. ముఖం మీద మాత్రం ఈకల్లేని నారింజ ఎరుపు చర్మం, దాని కింద వేలాడే చిన్న తోలు తిత్తి. మన తేనెపిట్టలతో దీనికి దగ్గరి చుట్టరికం లేదు. పైగా ఈ ప్రజాతి పక్షులు తేనె కన్నా పండ్లే ఎక్కువగా తింటాయి.

'స్వర్గం' కథలో చాలామంది దాటేసిన సంగతి ఒకటుంది. ఆ అడవికి యజమానులున్నారు. క్వెర్బా, పపసేనా తెగలది ఆ నేల మీద తరతరాల హక్కు. ఆ తెగల మనుషులు బృందంతో వెళ్లారు కూడా. అంత ఎత్తుకు తమవాళ్లెవరూ వచ్చినట్టు తెలియదని చెప్పింది వాళ్లే. వాళ్లను పక్కనపెట్టి 'మనిషి చూడని' అని రాయడం నా దృష్టిలో సోమరితనమే.

ఈ పక్షికి ముప్పు తక్కువేనని ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) జాబితా అంటోంది. ఇవాళ్టి లెక్కకు అది నిజమే. రోడ్డు లేదు, రంపం చేరలేదు. కానీ వేడికి రోడ్డుతో పనేముంది? పపువా న్యూగినీలోని కరిముయి పర్వతం మీద 1960లలో శాస్త్రవేత్త జేర్డ్ డైమండ్ ఏ పక్షి ఎంత ఎత్తులో ఉందో రాసిపెట్టారు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత పరిశోధకులైన ఫ్రీమన్ దంపతులు అదే కొండ మళ్లీ ఎక్కి చూస్తే, అక్కడ ఉష్ణోగ్రత పెరిగింది సుమారు 0.4 డిగ్రీలే. పక్షులు కనిపించే ఎత్తుకు పైన ఉండే హద్దు మాత్రం సగటున వంద మీటర్లకు పైగా పైకి జరిగింది.

ఫోజా శిఖరాలు దాదాపు 2,200 మీటర్ల దగ్గర ఆగిపోతాయి. చుట్టూ పల్లపు అడవే కాబట్టి, ఈ పక్షి ఇంకో కొండకు మారిపోయే వీలు లేదు. కరిముయిలో మార్పు తెలిసిందంటే పాత లెక్క ఉండబట్టే. ఫోజాలోనూ ఎత్తులవారీగా లెక్క తీసి, కొన్నేళ్లకోసారి అదే దారిలో మళ్లీ చూడాలి. ఆ పనికి బయటి నిపుణులు వచ్చేదాకా ఆగక్కర్లేదు. క్వెర్బా, పపసేనా యువతకు శిక్షణ, జీతం ఇచ్చి అప్పజెప్పవచ్చు. హెలికాప్టర్ యాత్ర కన్నా ఖర్చు తక్కువే అవుతుంది. ఫొటోలకు మాత్రం అంత గిరాకీ ఉండకపోవచ్చు.