పీచ్ చెట్ల లెక్క ఉంది, భార్య పేరు లేదు

19వ శతాబ్దంలో అమెరికా మిడ్‌వెస్ట్‌కు వెళ్లి స్థిరపడ్డ ఒక రైతు కుటుంబ చరిత్ర వెతకాలంటే చాలామంది ఇంటర్నెట్‌లో దొరికే వంశవృక్షాలతో మొదలుపెడతారు. ఎవరో ఎప్పుడో ఎక్కించిన తారీఖును పదిమంది కాపీ చేసి ఉంటారు. పదిచోట్ల కనబడింది కాబట్టి నిజమేననిపిస్తుంది. నన్నడిగితే మొదలుపెట్టాల్సింది భూమి కాగితాల దగ్గర. కాకపోతే ఆ కాగితాలు భూమి ఎవరి పేరున ఉందో వాళ్ల కథే చెబుతాయి. మిగతావాళ్ల కథ కోసం వేరేచోట తవ్వాల్సిందే.

డేనియల్ ఫ్రీమన్ సంగతే చూద్దాం. 1826లో ఒహాయోలో పుట్టాడు. తర్వాత ఇల్లినాయ్, అక్కణ్ణుంచి నెబ్రాస్కా. 1862 మే 20న లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండినవాళ్లూ, కుటుంబ పెద్దలూ 160 ఎకరాల వరకు ప్రభుత్వ భూమికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఐదేళ్లు అక్కడే కాపురముండి, సాగు చేసి చూపిస్తే పట్టా ఇస్తారు. చట్టం అమల్లోకి వచ్చిన 1863 జనవరి 1నే బ్రౌన్‌విల్ భూమి ఆఫీసులో ఫ్రీమన్ దరఖాస్తు పెట్టాడు. దాని నంబరు 1.

సైన్యంలో డ్యూటీకి వెళ్లిపోవాలని చెప్పి, అర్ధరాత్రి దాటగానే గుమస్తా చేత ఆఫీసు తెరిపించాడని ఒక కథ ఉంది. ఇది బాగా ప్రచారమైంది. కానీ ఫైలులో తారీఖు ఉంది, నంబరు ఉంది, అర్ధరాత్రి మాత్రం లేదు. ఆ రోజే మిగతా ఆఫీసుల్లో వందలమంది దరఖాస్తులు పెట్టారు. కుటుంబాల్లో తరతరాలుగా చెప్పుకునే మాటను కొట్టిపారేయమని నేననను. దాన్ని కుటుంబం చెప్పుకున్న మాటగానే రాయాలి, రికార్డుతో కలిపేయకూడదు.

అసలు విలువైన కాగితం 1868 జనవరి 20 నాటి వాంగ్మూలం. ఫ్రీమన్ ఐదేళ్లూ అక్కడే ఉన్నాడని జోసెఫ్ గ్రాఫ్, సామ్యూల్ కిల్‌పాట్రిక్ అనే ఇద్దరు సాక్ష్యం చెప్పారు. వాళ్ల లెక్క ప్రకారం ఇల్లు 14 అడుగులకు 20 అడుగులు, కొంత దుంగలతో, కొంత చెక్క చట్రంతో కట్టింది. రెండు తలుపులు, రెండు కిటికీలు, కింద చెక్క పలకలు. సుమారు 35 ఎకరాలు దున్ని కంచె వేశాడు. గుర్రాల కొట్టం, 100 అడుగుల పొడవున్న గొర్రెల కొట్టం, మొక్కజొన్న గాదె ఉన్నాయి. 40 ఆపిల్ చెట్లు, 400 దాకా పీచ్ చెట్లు నాటాడు. ఇంత వివరం ఏ వంశవృక్షంలోనూ దొరకదు.

ఇలాంటి ఫైళ్లలో సాక్షుల పేర్లను తేలిగ్గా వదిలేయకూడదు. ఆ రోజుల్లో ఒక ఊరినుంచి బయల్దేరినవాళ్లు, బంధువులు, చాలాసార్లు పక్కపక్కనే భూములు పట్టారు. మన మనిషి పాత ఊరేదో దొరకనప్పుడు సాక్షిది దొరికితే దారి తెలుస్తుంది.

అదే వాంగ్మూలంలో కుటుంబం గురించి ఉన్నది ఒక్క ముక్క: భార్య, ఇద్దరు పిల్లలు. పేర్లు లేవు. పీచ్ చెట్లను లెక్కపెట్టినవాళ్లు ఆమె పేరు రాయలేదు. ఆమె ఆగ్నెస్ సూటర్, అయోవాలోని లెక్లేర్ ఊరి మనిషి. ఫ్రీమన్ తమ్ముడు జేమ్స్‌తో ఆమెకు పెళ్లి కుదిరింది. అంతర్యుద్ధంలో అతను చనిపోయాడు. తర్వాత డేనియల్, ఆగ్నెస్ ఉత్తరాలు రాసుకున్నారు, 1865లో పెళ్లి చేసుకున్నారు. పెళ్లికాని స్త్రీలు, వితంతువులు సొంత పేరున భూమికి దరఖాస్తు పెట్టుకునే వీలుండేది. భర్త ఉన్న ఆడదాన్ని కుటుంబ పెద్దగా చట్టం చూడలేదు కాబట్టి ఆమె శ్రమంతా ఆయన పట్టాలో కలిసిపోయింది. ఆమెను వెతకాలంటే పుట్టింటివైపు నుంచి రావాలి: పెళ్లి రికార్డు, అయోవా జనాభా లెక్కలు, ఉత్తరాలు.

జనాభా లెక్కల్లోనూ ఇదే ఇబ్బంది. 1850కి ముందు ఇంటి యజమాని పేరొక్కటే రాసేవాళ్లు. ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో రాయడం 1880లో గానీ మొదలవలేదు. 1890 లెక్కల్లో చాలా భాగం 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంతో పోయాయి. బానిసత్వం నుంచి బయటపడి ఇక్కడికొచ్చి భూమి పట్టిన నల్లజాతి కుటుంబాలకైతే 1870 దగ్గరే దారి మూసుకుపోతుంది. అంతకుముందు లెక్కల్లో బానిసలకు వయసు, లింగం, రంగు తప్ప సాధారణంగా పేరే ఉండదు. వంశవృక్షం ఎంత పైకి వెళ్తే అంత గొప్ప అనుకునేవాళ్లు ఈ తేడా గమనించాలి. కొందరికి పదితరాలు దొరకడం వాళ్ల పరిశోధన గొప్పతనం కాదు, వాళ్ల పూర్వీకులను ప్రభుత్వం మనుషులుగా రాసుకోవడం వల్ల.

ఇంకో సంగతి, మనిషి స్వభావం కోర్టు కాగితాల్లో బయటపడుతుంది. బడిలో టీచరు బైబిలు చదివించడాన్ని ఫ్రీమన్ సవాలు చేశాడు, 1902లో నెబ్రాస్కా సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. భూమి ఫైలులోని రైతు ఒక్కసారిగా వాదించే మనిషిగా కనిపిస్తాడు. 

ఇక ఆ భూమి ముందు ఎవరిది? కుటుంబ చరిత్రలు చాలావరకు ఈ ప్రశ్న దగ్గరికే రావు. అంతకుముందు అక్కడంతా ఖాళీ గడ్డిమైదానమన్నట్టు రాసేస్తారు. ఇది నాకు అన్యాయంగా కనిపిస్తుంది. 1833లో, 1854లో కుదిరిన ఒప్పందాలతో ఓటో-మిస్సోరియా అనే ఆదివాసీ తెగ ప్రజలు ఈ ప్రాంతపు భూములు వదులుకోవాల్సి వచ్చింది. బిగ్ బ్లూ నది దగ్గర వాళ్లకు మిగిల్చిన రిజర్వేషన్ (ఆ తెగ కోసం కేటాయించిన భూమి) కూడా ఫ్రీమన్ ఉన్న గేజ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) దక్షిణ భాగంలోకి వస్తుంది. అంటే ఆయన పీచ్ మొక్కలు నాటే రోజుల్లో వాళ్లు అదే కౌంటీలో బతుకుతున్నారు. 1881లో వాళ్లను ఓక్లహోమా వైపు పంపేశారు. ఫ్రీమన్ భూమి ఇప్పుడు బీట్రిస్ పక్కన జాతీయ పార్కు. ఒమాహాలో ఉండే తెలుగువాళ్లు కారులో పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు.

అందుకే 1863తో మొదలయ్యే ఏ హోమ్‌స్టెడ్ కుటుంబ చరిత్రైనా సగం కథేనని నేనంటాను. ఆ భూముల ఒప్పందాలూ, ఫ్రీమన్ ఫైలూ అమెరికా ప్రభుత్వ పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్ దగ్గరే ఉన్నాయి. ఒకదాని కోసం వెళ్లినవాళ్లు రెండోదీ చదవడానికి అడ్డమేమీ లేదు.