గడప దాకా రాని తీగ

ఊళ్లోకి ఇంటర్నెట్ రావడానికీ, ఇంట్లోకి రావడానికీ మధ్య దూరం చాలాచోట్ల రెండు మూడు వందల మీటర్లే. ఆ కాస్త దూరం దాటడానికే ఏళ్లు పడుతున్నాయి. పొలం మధ్య ఉన్న ఇల్లయినా, ఊరి చివరి ఇల్లయినా, దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ వచ్చే జవాబు ఒకటే: మీ ప్రాంతంలో సేవ ఉంది, మీ చిరునామాకు మాత్రం లేదు.

ఈ వింత జవాబు లెక్క తీసే తీరులోంచి పుట్టింది. అమెరికాలో చాలా ఏళ్లపాటు, జనగణన కోసం విభజించిన ఒక బ్లాకులో ఒక్క చోటికి కనెక్షన్ ఇవ్వగలిగినా ఆ బ్లాకు మొత్తానికీ సేవ అందినట్టే రాసుకున్నారు. పల్లెల్లో అలాంటి బ్లాకు మైళ్ల కొద్దీ పరుచుకుని ఉంటుంది. ఆ పద్ధతి మానిపించి ఇంటింటి లెక్క తీయించడానికి 2020లో ఏకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. పటంలో రంగు నిండితే పని పూర్తయిందనుకునే జబ్బు ఆ ఒక్క దేశానిదే కాదు.

కంపెనీల వాదన మేమెరగనిది కాదు. వెలుతురు రూపంలో సమాచారాన్ని మోసే ఫైబర్ (గాజు పోగు) తీగకయ్యే ఖర్చు తక్కువే. గుంతలు తవ్వడం, స్తంభాలు నాటడం, అనుమతులు తెచ్చుకోవడం దగ్గరే అసలు భారం. పట్టణంలో ఆ భారాన్ని వీధిలోని ఇళ్లన్నీ పంచుకుంటాయి, పొలం గట్టు వెంట ఒక్క ఇల్లే మోయాలి. కరెంటు విషయంలోనూ ఒకప్పుడు ఇదే మాట చెప్పారు. రైతుల సహకార సంఘాలకు అప్పులిచ్చి లైన్లు వేయించే చట్టం 1936లో వచ్చాకే అమెరికా పల్లెల్లో దీపాలు జోరుగా వెలిగాయి. ఇంగ్లండ్‌లోని లాంకషైర్ పల్లెవాసులైతే గత దశాబ్దంలో కంపెనీల కోసం ఎదురుచూడకుండా తమ పొలాల్లో తామే కాలువలు తవ్వి ఫైబర్ వేసుకున్నారు. వారి పట్టుదలను మెచ్చుకుంటాం. కానీ పార పట్టుకోగలిగిన ఊరికే ఇంటర్నెట్ అంటే ఒప్పుకోలేం.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. పాత టెలిఫోన్ రాగి తీగలో దూరం పెరిగేకొద్దీ వేగం పడిపోతుంది. ఎక్స్ఛేంజీకి ఐదారు కిలోమీటర్లు దాటితే దాదాపు ఏమీ మిగలదు. భూమితో పాటే తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట ఉన్నట్టు కనిపించే భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది, దాని నుంచి జవాబు రావడానికి అర సెకను దాకా పడుతుంది. వీడియోకాల్‌లో ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డు తగులుతూనే ఉంటారు. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే కొత్త ఉపగ్రహాలు ఆ ఆలస్యాన్ని బాగా తగ్గించాయి, అయితే డిష్‌కు చెట్లు అడ్డం రాకూడదు. ఇవన్నీ ఆపద్ధర్మంగా మంచివే. ఇవి ఉన్నాయి కదా అని ఫైబర్ పనిని పక్కన పెట్టడమే మాకు అభ్యంతరం.

ఇంతా చేసి, ఆగిపోయిన ఆ చివరి పని ఎంత? తీగ గుమ్మం దాకా వచ్చాక సాంకేతిక నిపుణుడు దాని పైపొర ఒలిచి, వెంట్రుక మందం ఉన్న గాజు పోగును స్పిరిట్‌తో తుడిచి, కొసను నున్నగా తుంచుతాడు. వెలుతురు ప్రయాణించేది అందులో సుమారు 9 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నడిమి భాగంలోనే. రెండు కొసలను చిన్న యంత్రంలో ఎదురెదురుగా పెడితే విద్యుత్ మెరుపు ఒకటి మెరిసి క్షణాల్లో అవి అతుక్కుంటాయి. అతుకు మీద తొడుగు వేసి, పెట్టె మూసి, మోడెమ్‌పై ఎర్రదీపం ఆరిందో లేదో చూస్తాడు. నేర్పు కావలసిన పనే, కానీ ఏళ్లు పట్టే పని కాదు.

ఫిన్లాండ్ 2010లోనే సెకనుకు 1 మెగాబిట్ కనెక్షన్‌ను పౌరుల చట్టబద్ధ హక్కు చేసింది. ఆ వేగం ఇప్పుడు దేనికీ చాలదు, కానీ అడిగిన ఇంటికి ఇచ్చి తీరాలన్న సూత్రం పాతబడలేదు. ప్రభుత్వాలు ఇచ్చే రాయితీ తీగ పొడవును బట్టి కాకుండా, వెలిగిన కనెక్షన్లను బట్టి చెల్లించాలి. డౌన్‌లోడ్ వేగంతో పాటు అప్‌లోడ్ వేగాన్నీ ఇంట్లోనే కొలవాలి. పాఠం వినే పిల్లవాడికి మొదటిది చాలు, పాఠం చెప్పే టీచరుకు రెండోదీ కావాలి. కనెక్షన్ ఇవ్వలేమన్న ప్రతి దరఖాస్తుకూ కారణం రాతపూర్వకంగా ఇచ్చి, చిరునామాలు బయటపెట్టకుండా ఊరివారీగా ఆ సంఖ్యను ప్రకటించాలి. ప్రస్తుతం చాలాచోట్ల ఆ దరఖాస్తులు ఏ లెక్కలోకీ రావడం లేదు.