కాలువ గట్టున సరస్వతీ కటాక్షం

కర్నూల్లో వృక్షశాస్త్రవేత్త కాని మనిషంటూ ఒకరైనా మిగిలారా అని నాకు అనుమానం. కేసీ (కర్నూలు-కడప) కాలువ గట్టు కింద, మురుగు వచ్చి కలిసే చోట, గుండ్రటి ఆకుల తీగ ఒకటి బురద మీద పాకుతోంది. నిగనిగలాడుతూ చూడముచ్చటగా ఉంది. ఇంకేముంది, పొద్దున వాకింగ్‌కు వచ్చే పెద్దలు ఏకగ్రీవంగా తేల్చేశారు: సరస్వతి ఆకు.

ఆ తేల్చిన తీరు చూసి తీరాలి. రిటైరైన హెడ్‌మాస్టారు ఒక ఆకు తెంపి, నలిపి, వాసన చూసి, కాసేపు కళ్లు మూసుకుని "అదే" అన్నారు. పక్కాయన ఫోన్‌తో ఫోటో కొట్టాడు. యాప్ మూడు పేర్లు చూపించింది. తనకు నచ్చిన పేరు చదివి, "ఫోన్ గూడా అదే అంటాంది సార్" అన్నాడు. "మరి నేనేమన్నా అబద్ధం చెప్తానా?" అని సారు చిన్నబుచ్చుకున్నారు. ఇంతలో ఇంకొకాయనకు మనవడి ఇంటర్ పరీక్షలు గుర్తొచ్చాయి. "రోజూ నాలుగాకులు పెడితే సాలప్పా, ర్యాంకు దానంతటదే వస్తాది." సంచులు వచ్చాయి. పచ్చడిలోకి చింతపండు ఎంత వేయాలన్న దానిపై మాత్రం సభలో భేదాభిప్రాయాలు తలెత్తాయి. రెండడుగుల అవతల పైపులోంచి పడుతున్న మురుగు వాసన ఎవరికీ తగల్లేదు. వాసన చూసే పని సారుది కదా.

అయ్యా, ఆకును ఒక్కసారి తిరగేయండి. సరస్వతి ఆకుకు ఒక పక్క చీలిక ఉంటుంది, కాడ ఆ చీలిక దగ్గరే కలుస్తుంది. దీనికి చీలికే లేదు. కాడ గొడుగు కర్రలాగా ఆకు నడిమధ్యకు వచ్చింది. ఇది హైడ్రోకోటైల్ రకం, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. అక్వేరియం షాపుల్లో పెన్నీవర్ట్ అని అమ్ముతారు. కణుపు తడి తగిలిన చోటల్లా వేరు దిగుతుంది. తొట్టి కడిగి పారబోసిన నీళ్లలో ఒక్క తుంట ఉన్నా చాలు.

దీని దగ్గరి చుట్టం ఒకటి రోజుకు 20 సెంటీమీటర్ల దాకా పాకుతుందట. మరో నాలుగు నీటి మొక్కలతో పాటు దాని అమ్మకాన్ని కూడా ఇంగ్లండ్ 2014లో నిషేధించింది. పాపం, వాళ్లకు పచ్చడి చేసుకోవడం తెలియదు.

సుంకేసుల నుంచి కడప దాకా 306 కిలోమీటర్లు పారే కాలువ ఇది. చివరి ఆయకట్టు రైతు నీళ్లెప్పుడొస్తాయా అని తూము దగ్గర రాత్రిళ్లు జాగారం చేస్తాడు. నీళ్లకు అడ్డం పడే గుర్రపు డెక్క కూడా పువ్వు బాగుందని ఎవరో ముచ్చటపడి ఈ దేశానికి తెచ్చిందే. ఇప్పుడు దాని మీద ఇదొకటా? హాల్లో చేపల తొట్టి పెట్టుకుని, మోజు తీరగానే తెచ్చి కాలువలో గుమ్మరించిన పెద్దమనిషీ, నీ ఇంట్లో చెత్తబుట్ట లేదా? నీకు మిద్దె లేదా? ఆ మొక్కను తీసి మిద్దె మీద పడేస్తే నాలుగు రోజుల్లో కరకరలాడేది కదా. కర్నూల్లో ఎండకు కూడా కరువొచ్చిందా?