పట్టా ఉన్నవాడికే భరోసానా?

ఎకరాల లెక్కన పెట్టుబడి సాయం ఇచ్చే రైతు భరోసా కింద తొమ్మిది రోజుల్లో తొమ్మిది వేల కోట్ల రూపాయలు రైతుల ఖాతాల్లో వేశామని 2025 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం సచివాలయం దగ్గర సభ పెట్టి మరీ చెప్పుకొంది. వానాకాలం విత్తనాల వేళకు డబ్బు అందడం మంచిదే, కాదనం. కానీ కౌలుకు దున్నుతున్నాడన్న లెక్కన ఆ సొమ్ములో ఒక్క రైతుకూ ఒక్క రూపాయి రాలేదు. మళ్లీ పట్టాదారు పాస్‌బుక్కే అర్హత.

2022 మే 6న వరంగల్ రైతు డిక్లరేషన్‌లో, రాహుల్ గాంధీ సమక్షంలో, భూమి ఉన్న రైతుతో పాటు కౌలు రైతుకూ ఎకరాకు ఏటా 15 వేలు ఇస్తామన్నది కాంగ్రెస్ పార్టీయే. 2023 ఎన్నికల గ్యారంటీల్లోనూ అదే రాసుకుంది. 2025 జనవరి 26న రైతు భరోసా మొదలయ్యేసరికి 15 వేలు కాస్తా 12 వేలయ్యాయి. కౌలు రైతు అసలు జాబితాలోనే లేకుండా పోయాడు. డబ్బు తగ్గించడానికి ఖజానా బాగాలేదన్నారు, సరే. మనిషినే తీసేయడానికి ఏం చెబుతారు?

గత ప్రభుత్వం ఇచ్చిన రైతుబంధు సొమ్ము గుట్టలకు, రోడ్లకు, రియల్ ఎస్టేట్ వెంచర్లకు పోయిందని ఊరూరా తిరిగి చెప్పిందీ ఈ పార్టీయే. 2025 వానాకాలంలో తానే సాగుయోగ్యమైన భూమి ఎన్ని ఎకరాలున్నా పరిమితి లేకుండా ఇచ్చింది. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటూ పొలం గట్టు ఎక్కని పట్టాదారుకు విడతకు ఎకరాకు ఆరు వేలు జమ. ఆ పొలానికే కౌలు కట్టి, ఎరువుల దుకాణంలో అప్పు తెచ్చి పత్తి పెట్టినవాడికి సున్నా. గత ప్రభుత్వం చేస్తే తప్పయినది ఈ ప్రభుత్వం చేస్తే ఎలా ఒప్పయింది?

భరోసా ఒక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదు. బ్యాంకుకు వెళ్తే పట్టా అడుగుతారు. పత్తి కొనుగోలు కేంద్రానికి వెళ్తే యజమాని పాస్‌బుక్ కోసం బతిమాలుకోవాలి, లేదంటే దళారి చెప్పిన రేటుకే అమ్ముకోవాలి. పంట పోయి ప్రాణం తీసుకున్నా, పట్టా లేనందుకు ఆ ఇంటికి రైతు బీమా ఐదు లక్షలు రావు. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ ఆరు వేలదీ ఇదే తీరు.

కౌలుదారు పేరు కాగితం ఎక్కితే భూమి చేజారుతుందని యజమానులు భయపడతారన్నది అధికారులు చెప్పే మాట. కౌలుదారుకు భూమి మీద హక్కులిచ్చిన 1950 కౌలుదారీ చట్టం రోజులు గుర్తున్న ఊళ్లలో ఆ భయం ఉంది. దానికి జవాబు ఎప్పుడో వచ్చింది. 2011 సాగుదారుల చట్టం కింద ఇచ్చే గుర్తింపు కార్డు ఏడాదికే చెల్లుతుంది, భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. ఆ చట్టం ఇప్పటికీ పుస్తకంలో ఉంది. కార్డులు ఇవ్వడమే మానేశారు.

కౌలుదారుల్ని గుర్తించడం కష్టమనీ అంటారు. 2023 మార్చిలో వడగళ్లకు పంటలు పోయినప్పుడు ఎకరాకు పది వేల పరిహారం కౌలు రైతులకు అందేలా చూడాలని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఖమ్మం జిల్లా పొలాల్లోనే ప్రకటించారు. కౌలు రైతుకు రైతుబంధు ఇవ్వనన్న ఆయనే ఆ మాట అన్నారు. ఎవరి పొలం ఎవరు దున్నుతున్నారో ఊళ్లో అందరికీ తెలుసు, వ్యవసాయ విస్తరణాధికారికి ఇంకా బాగా తెలుసు. తెలియనట్టు ఉంటున్నది సచివాలయమే.

విడతకూ విడతకూ మధ్య నెలల సమయం ఉంటుంది. గ్రామసభ పెట్టి సాగుదారుల జాబితా రాయడానికి, 2011 చట్టం కింద కార్డులు ఇవ్వడానికి అది చాలు. అది చేయలేకపోతే ముఖ్యమంత్రి ఇంకో సభ పెట్టి, కౌలు రైతుకిచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నామని ఆ వేదిక మీదే చెప్పాలి. ఓట్లు అడిగినప్పుడు ఎవరి పాస్‌బుక్కూ చూడని నాయకులకు కనీసం ఆ ధైర్యమైనా ఉండాలి.