సవరణ: బుష్ వాక్యంలో కర్త ఎవరు?

మొన్నటి పోస్టులో, 2001 సెప్టెంబర్ 11 దాడుల రాత్రి అప్పటి అమెరికా అధ్యక్షుడు బుష్ చేసిన టీవీ ప్రసంగంలోని ఒక వాక్యంలో చంపినవాళ్లు కనబడరని వాదిస్తూ, దాన్ని 'ఉగ్రవాదులు వేల ప్రాణాలు తీశారు' అని తెలుగు చేశాను. అది తప్పు. మూలంలో ఉన్నది కర్మణి వాక్యం, అంటే చేసినవాళ్లను కాక జరిగినదాన్ని ముందుకు తెచ్చే వాక్యం: 'దుష్టమైన, నీచమైన ఉగ్రవాద చర్యల చేత వేల ప్రాణాలు హఠాత్తుగా అంతం చేయబడ్డాయి.' తెలుగులో ఎబ్బెట్టుగా ఉందని ఆ 'చేయబడ్డాయి'లోని 'బడు'ను తీసేశాను. దాంతో 'చర్యలు' కాస్తా మనుషులైపోయాయి. ఆ వాక్యంలో చంపినవాళ్లు కనబడరనే కదా నా వాదన! దానికి నేనే గండి కొట్టుకున్నాను.

ఇంకొకటి. 'వాళ్లు మన స్వేచ్ఛలను ద్వేషిస్తారు' అని ఉగ్రవాదుల గురించి బుష్ అన్న మాటను కూడా ఆ రాత్రిదిగానే రాశాను. అది ఆ రాత్రి మాట కాదు, సెప్టెంబర్ 20న అమెరికన్ కాంగ్రెస్‌లో అన్నది. అక్కడ 'వాళ్లు' కర్తే, కానీ క్రియ చంపడం కాదు, ద్వేషించడం. పోస్టులో రెండూ సరిచేశాను.