ఆ గాట్లాండ్ మెసేజ్‌ని ఇక ఫార్వర్డ్ చేయకండి

అదే మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి పంపింది ఇంజనీరింగ్ చదివిన స్నేహితుడు కాబట్టి ఊరుకోలేకపోతున్నాను. చూడనివాళ్ల కోసం అందులో ఉన్నది క్లుప్తంగా: “స్వీడన్ చిన్న జలాంతర్గామి గాట్లాండ్, అమెరికా విమానవాహక నౌక రొనాల్డ్ రీగన్‌ని ముంచేసింది. దాని రహస్యం ఏఐపీ అనే సరికొత్త టెక్నాలజీ. దానికి గాలి అక్కర్లేదు, సముద్రపు నీటి నుంచే ఆక్సిజన్ తీసుకుంటుంది. ఏఐపీ ఆన్ చేస్తే శబ్దం సున్నా. మూడు వారాలు ఫుల్ స్పీడ్‌లో నీటి అడుగునే తిరుగుతుంది. ఇక అణు జలాంతర్గాములు దండగ. నేవీలన్నీ ఏఐపీకే మారిపోతున్నాయి.”

ఏఐపీ అంటే ఎయిర్ ఇండిపెండెంట్ ప్రొపల్షన్, బయటి గాలి లేకుండా నీటి కిందే జలాంతర్గామిని నడిపే పద్ధతి. అది నీటి నుంచి ఆక్సిజన్ తీయడం లేదు. బయల్దేరేటప్పుడే లిక్విడ్ ఆక్సిజన్ ట్యాంకుల్లో నింపుకుని వెళ్తుంది. అది అయిపోతే ఏఐపీ కథ అయిపోయినట్టే.

సరికొత్తదీ కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే జర్మనీ హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ప్రయత్నించింది. 1950లలో సోవియట్ యూనియన్ లిక్విడ్ ఆక్సిజన్‌తో డీజిల్ ఇంజిన్లు నడిచే జలాంతర్గాముల్ని వరసగా కట్టింది. వాటిలో మంటలు ఎంత మామూలైపోయాయంటే నావికులు వాటిని లైటర్లు అని పిలిచేవారు. 1957లో ఇప్పటి ఎస్టోనియాలోని తాలిన్ దగ్గర వాటిలో ఒకటైన ఎం-256 నిప్పంటుకుని మునిగింది, 35 మంది పోయారు. ఇప్పటి పద్ధతులు భద్రంగా ఉన్నాయంటే అలాంటి చావుల తర్వాత నేర్చుకున్నదే.

నాకు నిజంగా మండేది “మూడు వారాలు ఫుల్ స్పీడ్‌లో” అన్న ముక్క దగ్గర. గాట్లాండ్‌లో ఏఐపీ కోసం ఉన్నవి రెండు స్టర్లింగ్ ఇంజిన్లు (సిలిండర్ బయట మండే ఇంధనం వేడితో పిస్టన్లు కదిలే రకం), ఒక్కోటి 75 కిలోవాట్లు. రెండూ కలిపినా ఒక మంచి కారు ఇంజిన్ ఇచ్చేంత శక్తి. దాంతోనే సుమారు 1,500 టన్నుల జలాంతర్గామి కదలాలి, లోపల శబ్దంతో వెతికే సోనార్, కంప్యూటర్లు, లైట్లు, గాలిని శుభ్రం చేసే యంత్రాలు అన్నీ నడవాలి. అందుకే ఏఐపీ మీద వేగం 5 నాట్ల దగ్గరే ఆగుతుంది, అంటే గంటకు 9 కిలోమీటర్లు. నీటి కింద రెండు వారాలు ఉండగలదన్న మాట ఈ నడక గురించే.

మరి దాని గరిష్ఠ వేగం 20 నాట్లని రాస్తారు కదా? నిజమే, అది బ్యాటరీల బలం. నీటిలో వేగం రెట్టింపు కావాలంటే శక్తి దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. 5 నుంచి 20 నాట్లకు వెళ్లాలంటే 64 రెట్లు. అలా పరిగెత్తితే బ్యాటరీలు కొన్ని గంటల్లోనే ఖాళీ అవుతాయి. 64 రెట్ల శక్తిని ఆ రెండు ఇంజిన్లు మూడు వారాలపాటు ఎక్కడి నుంచి తెస్తాయి? ఇంజనీరింగ్ చదివినవాడు ఈ ఒక్క ప్రశ్న వేసుకోకుండా ఫార్వర్డ్ బటన్ ఎలా నొక్కాడు?

“అణు జలాంతర్గాములు దండగ” అన్న మాట ఈ తప్పు లెక్క మీదే నిలబడింది. జనం దాన్ని పట్టుకుని రక్షణ బడ్జెట్ల గురించి వాదిస్తున్నారు. 5 నాట్లతో రోజంతా వెళ్తే దాటేది 220 కిలోమీటర్లు. 20 నాట్ల పైన వారాల తరబడి వెళ్లగల అణు జలాంతర్గామి అదే రోజులో 890 కిలోమీటర్లు దాటుతుంది. విమానవాహక నౌక 30 నాట్లకు పైగా పోతుంది. దాన్ని ఏఐపీ బోటు తరుముకుంటూ వెళ్లలేదు. అది వచ్చే దారిలో ముందే కాచుకుని ఉండాలి. మహాసముద్రం దాటి వేటాడే పనీ, తీరం దగ్గర మాటు వేసే పనీ ఒకటి కావు.

శబ్దం సంగతి చూద్దాం. మామూలు డీజిల్-ఎలక్ట్రిక్ జలాంతర్గామి కూడా బ్యాటరీ మీద నడిచేటప్పుడు చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. దాని చిక్కల్లా బ్యాటరీ చార్జింగ్ కోసం పైకొచ్చి, స్నార్కెల్ గొట్టం బయటపెట్టి, డీజిల్ ఇంజిన్లు నడపడం. దొరికిపోయేది అప్పుడే. ఆ పైకొచ్చే అవసరాన్ని ఏఐపీ వారాలపాటు వాయిదా వేస్తుంది, అంతే. పిస్టన్లు కదిలే స్టర్లింగ్ ఇంజిన్ బ్యాటరీ కన్నా నిశ్శబ్దం ఎలా అవుతుంది? జర్మనీ 212ఏ రకం జలాంతర్గాముల్లో హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి నేరుగా కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్స్ వాడారు కాబట్టి ఆ పిస్టన్లు లేవు. అందులో ఒకటైన యు-32, 2013లో అట్లాంటిక్ దాటుతూ 18 రోజులు పైకి రాకుండా వెళ్లింది. గొప్ప విషయమే. కానీ ప్రొపెల్లర్, పంపులు దానికీ ఉన్నాయి. పైగా యాక్టివ్ సోనార్ తానే శబ్దం పంపి ప్రతిధ్వని వింటుంది. ఎంత నోరు మూసుకున్న ఉక్కు గొట్టమైనా ప్రతిధ్వని ఇస్తుంది.

గాట్లాండ్ ఏ ఓడనూ ముంచలేదు. 2005లో శాన్ డియాగో దగ్గర జరిగినవి ఉత్తుత్తి యుద్ధ విన్యాసాలు. అయితే ఒక మాట ఒప్పుకుంటాను: ఆ మెసేజ్‌లో ఉన్న భయం ఉత్తిది కాదు. రీగన్ చుట్టూ ఉన్న రక్షణను దాటుకుని గాట్లాండ్ దగ్గరికి వెళ్లింది. అమెరికా దాన్ని సిబ్బందితో సహా ఏడాదికి లీజుకు తీసుకుని, తర్వాత మరో ఏడాది పొడిగించింది. తమ చివరి డీజిల్ దాడి జలాంతర్గామి బ్లూబ్యాక్‌ని 1990లోనే పక్కన పెట్టేశాక, ఇలాంటి శత్రువును వెతకడం నేర్చుకోవడానికి సొంత బోటు లేకపోయింది. బాల్టిక్ లాంటి లోతు తక్కువ సముద్రాన్ని కాపాడుకోవాల్సిన చిన్న దేశానికి పెద్ద అణు జలాంతర్గామి కన్నా గాట్లాండే మేలని నేనూ అంటాను.

ఇక “నేవీలన్నీ ఏఐపీకే” అన్న చివరి వాక్యం. జపాన్ సోర్యూ తరగతిలో మొదటి పదింటికి స్టర్లింగ్ ఇంజిన్లు పెట్టింది. పదకొండోది ఓర్యూ 2020లో నేవీలో చేరేసరికి ఆ ఇంజిన్లు తీసేసి, ఆ చోటులో కూడా లిథియం-అయాన్ బ్యాటరీలు నింపింది. దాని తర్వాత వచ్చిన తైగేయి తరగతిలోనూ లిథియం బ్యాటరీలే, స్టర్లింగ్ లేదు.