బొమ్మ కొంటే సరిపోదు, వెనుక రాతనూ కాపాడాలి

తెలుగు పత్రికల బొమ్మల చరిత్రలో సగం మద్రాసులోనే జరిగింది. చందమామ 1947లో ఇక్కడే పుట్టింది. బాపు కుంచె పట్టింది, స్థిరపడింది ఈ ఊళ్లోనే. పాత సంచికలు ఇంకా దొరుకుతున్నాయి కానీ, వాటికోసం వేసిన అసలు బొమ్మలు చాలావరకు కనిపించవు. అచ్చు వేయడానికి లోహపు బ్లాకు తయారయ్యాక ఆ కాగితం ఎవరికీ అక్కర్లేకపోయింది. మిగిలిన కొన్నింటినైనా సొంత డబ్బు పెట్టి కొన్నవారికి మనం రుణపడి ఉన్నాం. అంత ప్రేమతో కొన్నవారి ఇళ్లలోనే బొమ్మలు పాడవుతుండటం నన్ను బాధపెడుతోంది.

ఇండియన్ ఇంకుతో వేసిన ఒక కథా చిత్రాన్ని దగ్గరగా చూడండి. గీత తప్పిన చోట తెల్లరంగు పూత ఉంటుంది. అంచున బ్లాకు ఎంత వెడల్పు రావాలో నీలం పెన్సిల్‌తో రాసి ఉంటుంది. బ్లాకు కోసం బొమ్మను ఫొటో తీసే ప్రెస్సు కెమెరాకు లేత నీలం అందదు కాబట్టి ఆ రంగు. వెనుక కథ పేరు, సంచిక నెల. ఫ్రేము కట్టేవారు అంచులు కోసి, హార్డ్‌బోర్డుకు జిగురుతో అంటిస్తే ఇదంతా పోతుంది. అప్పుడు ఏ కథకు వేశారో తెలియని అందమైన కాగితం మిగులుతుంది. నా దృష్టిలో అది సగం బొమ్మే.

చెన్నై సముద్రపు తేమ మరో శత్రువు. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే గదిలో కాగితం రోజూ ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. ఆమ్లం లేని అట్టల మధ్య, చీకటి సొరుగులో ఉంచడమే మేలు. మ్యూజియాలు కాగితపు చిత్రాలపై పడే వెలుగును సుమారు 50 లక్స్‌కు (లక్స్ వెలుగు కొలమానం) మించనివ్వవు. మన హాలులో పగటి వెలుగు దానికి ఎన్నో రెట్లు.

అసలు ప్రమాదం సేకర్త కన్నుమూశాక వస్తుంది. వారసులు ఒక్కొక్క కాగితం అమ్మితే ఒకే సీరియల్ బొమ్మలు పది ఇళ్లకు చెదిరిపోతాయి. తమిళనాడులోని కోట్టైయూరుకు చెందిన రోజా ముత్తయ్య పోగుచేసిన తమిళ పుస్తకాలకు ఆ గతి పట్టలేదు. ఆయన 1992లో మరణించాక షికాగో విశ్వవిద్యాలయం మొత్తం కొని, చెన్నైలోనే ఉంచింది. నేడు అది పరిశోధన గ్రంథాలయం. బెంగళూరులో 2023లో తలుపులు తెరిచిన మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీకీ ఒక వ్యక్తి సేకరణే పునాది.

తెలుగు బొమ్మలకు అలాంటి చోటు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ప్రతి బొమ్మనూ ముందూ వెనుకా ఫొటో తీసి, ఏ సంచికలోదో, ఎవరి దగ్గర కొన్నారో రాసిపెట్టాలి. ఆ జాబితా నకలు ఒకటి ఇంటి బయట భద్రంగా ఉండాలి. మొత్తం ఎవరికి చెందాలో వీలునామాలో ఉండాలి. చెన్నైలోని తెలుగు సంఘాలు ఈ ఉగాదికే ఒక కెమెరా, ఇద్దరు విద్యార్థులతో ఈ పని మొదలుపెట్టవచ్చు.